తల దించుకుంటే అబద్ధం చెప్పినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో ఒక విదేశీ కంపెనీలో మీరు హెచ్ఆర్. స్టోర్స్ నుంచి రెండు లాప్‌టాప్‌లు పోయాయి. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చి ఈమధ్యే చేరిన స్టోర్ అసిస్టెంట్‌ని అమెరికాలో ఉన్న మేనేజర్ వీడియో కాల్‌లో ఇంగ్లీషులో ప్రశ్నించారు. ఆ కుర్రాడు తల దించుకుని, అడిగినదానికల్లా 'యస్ సార్' అన్నాడు. 'నమ్మదగ్గ మనిషి కాడు' అని మేనేజర్ నోట్ రాసేశారు. మీ సెక్యూరిటీ ఆఫీసరు రిటైర్డ్ పోలీసు. ఆయనదీ అదే మాట, 'వాడి కళ్ళే చెబుతున్నాయి' అని. అవసరమైతే లై డిటెక్టర్ పెట్టిద్దాం అని కూడా అన్నారు. మీకు మాత్రం మనసొప్పడం లేదు. అబద్ధాన్ని పట్టించే గుర్తులు దేశాన్ని బట్టి, సంస్కృతిని బట్టి మారతాయా అని అడిగారు.

నేను చాలాకాలం క్రిమినల్ సైడ్ వకీలుగా పనిచేశాను. ఇప్పుడు కంపెనీల అంతర్గత విచారణల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. సాక్షి మొహం చూసి తీర్పు చెప్పేవాళ్ళ మధ్యే నా సర్వీసంతా గడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు సూటిగా జవాబు. అబద్ధాలకోరు ఎలా ఉంటాడన్న నమ్మకం ప్రపంచమంతా దాదాపు ఒకటే. ఆ నమ్మకం తప్పు కావడం కూడా అన్నిచోట్లా ఒకటే. దేశాన్ని బట్టి మారేది మర్యాద. పెద్దల ముందు ఎలా నిలబడాలి, ఎంత మాట్లాడాలి, ఎటు చూడాలి అన్నవి మారతాయి. ఒకచోటి మర్యాద ఇంకోచోట దొంగచూపులా కనిపిస్తుంది. మీ కుర్రాడు ఇరుక్కున్నది అక్కడే.

అమెరికాలో చార్లెస్ బాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక పెద్ద బృందం దేశదేశాల్లో మనుషులను వాళ్ళ వాళ్ళ భాషల్లోనే ఒక ప్రశ్న అడిగింది. ఎదుటి మనిషి అబద్ధం చెబుతున్నాడని మీకెలా తెలుస్తుంది? 58 దేశాలు, ఒక్కో దేశంలో 20 మంది ఆడవాళ్ళు, 20 మంది మగవాళ్ళు. ఫలితాలు 2006లో వచ్చాయి. నూటికి సుమారు 64 మంది చెప్పింది ఒకటే: కళ్ళలోకి చూడరు. టెన్షన్ పడతారు, మాటలకు పొంతన ఉండదు, ఒళ్ళు కదుపుతుంటారు వంటి మిగతా జవాబులన్నీ చాలా వెనకబడి ఉన్నాయి. ఇన్ని భాషలు, ఇన్ని మతాలు, ఇన్ని అలవాట్లు ఉన్న లోకంలో ఇంతమంది ఒక మాట మీద నిలబడటం చిన్న విషయం కాదు.

ఇంతమంది అంటున్నారంటే అందులో నిజం ఉండే ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. బెల్లా డిపౌలో అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2003లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి లెక్క చూశారు. 158 గుర్తులు పరిశీలించారు. నిజం చెప్పేవాళ్ళకూ అబద్ధం చెప్పేవాళ్ళకూ చూపులో తేడా దాదాపు సున్నా. కాస్తో కూస్తో తేడా కనబడ్డవి వేరే ఉన్నాయి. అబద్ధం చెప్పేవాళ్ళు వివరాలు కొంచెం తక్కువ చెబుతారు, వాళ్ళ కథ కాస్త అతుకుల బొంతలా ఉంటుంది, గొంతులో కొంత బిగువు ఉంటుంది. అవి కూడా సగటున మాత్రమే కనిపించే చిన్న తేడాలు. మీ ముందు కూర్చున్న ఒక్క మనిషి మీద వాటిని ప్రయోగిస్తే గాలిలో దీపం పెట్టినట్టే.

మరి కళ్ళ గురించి లోకమంతా ఎందుకు నమ్ముతుంది? బాండ్ బృందం చెప్పిన వివరణ నాకు నచ్చింది. అబద్ధం చెప్పినవాడు సిగ్గుపడాలి అని సమాజం కోరుకుంటుంది, పిల్లలకు అలాగే నేర్పుతుంది. సిగ్గుపడ్డవాడు తల దించుకుంటాడు. కాబట్టి తల దించుకున్నవాడు అబద్ధం చెప్పినవాడు. ఎలా ఉండాలని కోరుకుంటామో అలాగే ఉంటుందని నమ్మేస్తున్నాం అన్నమాట.

మన ఇళ్ళల్లో ఇది ఎలా నడుస్తుందో చూడండి. చిన్నప్పుడు 'నా కళ్ళలోకి చూసి చెప్పు' అని గద్దించిన అమ్మే, 'పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అలా కళ్ళల్లో కళ్ళు పెట్టి చూస్తావేం, తల దించు' అని కూడా గద్దిస్తుంది. రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే పూట. పిల్ల తల దించుకుంటే 'తప్పు చేసింది కాబట్టే'. తలెత్తి సూటిగా చూస్తే 'ఎంత తెగింపు, కన్నార్పకుండా అబద్ధమాడుతోంది'. ఏం చేసినా ముద్ర పడుతుంది. అందులోనూ ఆడపిల్లలకు, కింది ఉద్యోగులకు, దొర ముందు చేతులు కట్టుకుని నిలబడే అలవాటున్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు తల దించే పాఠమే గట్టిగా వంటబడుతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నేను చూసినంతలో పోలీసు స్టేషన్‌లో ఆ ప్రశ్న అడిగితే, గుమ్మడికాయ మొహం చూడనివాడు కూడా భుజం తడుముకుంటాడు.

ఇప్పుడు మీరు అడిగిన సంస్కృతి సంగతి. నెదర్లాండ్స్‌లో 1990ల మొదట్లో ఆల్డర్ట్ వ్రై, ఫ్రాన్స్ వింకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డచ్చి పోలీసుల మీద చేసిన పరిశోధనలు ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనవిగా కనిపిస్తాయి. దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చి వలస అయిన సురినామ్ మూలాలున్నవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. ఇంటర్వ్యూల్లో వాళ్ళు నిజం చెబుతున్నా సరే, డచ్చివాళ్ళకంటే ఎక్కువగా చూపు తిప్పుకుంటారు, ఎక్కువ కదులుతారు, మాట ఎక్కువ తడబడుతుంది. అది వాళ్ళ మామూలు తీరు. పరిశోధకులు నటుల చేత ఒకే సంభాషణను ఒకసారి డచ్చి తీరులో, ఒకసారి సురినామ్ తీరులో చేయించి పోలీసులకు చూపించారు. సురినామ్ తీరులో చేసినప్పుడు పోలీసులకు అనుమానం ఎక్కువ కలిగింది. నటుడు నల్లవాడా తెల్లవాడా అన్నదాని కంటే, మనిషి ఎలా చూశాడు, ఎలా కదిలాడు అన్నదే పనిచేసింది. వాళ్ళలో జాత్యహంకారులు ఎవరూ లేకపోయినా ఫలితం అదే వచ్చి ఉండేది. తమ దేశపు మర్యాదను కొలబద్దగా పెట్టుకుని ఎదుటివాణ్ణి కొలిచారంతే. మీ మేనేజరు కూడా చేసింది అదే. ఆయన చెడ్డవాడని నేను అనను.

ఇక 'యస్ సార్' సంగతి. మేనేజర్ నోట్‌లో 'అడిగినవన్నీ ఒప్పుకున్నాడు' అన్న మాట ఉందని రాశారు. నాకు కళ్ళ విషయం కంటే ఇదే ఎక్కువ కంగారు పుట్టించింది. ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతపు సుప్రీంకోర్టు 1976లో అనుంగా అనే కేసులో, ఆదివాసులను పోలీసులు ప్రశ్నించేటప్పుడు పాటించాల్సిన నియమాలు పెట్టింది. జడ్జి ఫార్‌స్టర్ అందులో అన్న మాటల సారం ఏమిటంటే, ఆదివాసులు స్వతహాగా మర్యాదస్తులు, తెల్లవాడు ఏ జవాబు కోరుతున్నాడనుకుంటే ఆ జవాబే ఇస్తారు. కాబట్టి హక్కుల గురించి చెప్పి 'అర్థమైందా' అని అడిగితే సరిపోదు, అర్థమైనది వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. దుబాసీ ఉండాలి. పక్కన నమ్మకమైన మనిషి ఒకరు ఉండాలి. తర్వాత డయానా ఈడ్స్ అనే భాషాశాస్త్రవేత్త అక్కడి కోర్టుల మీద చాలా పనిచేసింది. అవునో కాదో తేల్చుకోకుండా మర్యాదకోసం 'అవును' అనడం, ప్రశ్న తర్వాత చాలాసేపు మౌనంగా ఉండటం, కళ్ళలోకి చూడకపోవడం, ఇవన్నీ ఆదివాసుల మాట తీరులో భాగమని, న్యాయస్థానం మాత్రం వీటిని నేరం ఒప్పుకోలుగానో తప్పించుకోవడంగానో చదువుతోందని ఆమె చూపించింది.

మన ఆఫీసుల్లో 'యస్ సార్' అంటే 'మీరు అన్నది విన్నాను సార్' అని. ట్రైనింగ్ హాల్లో 'అందరికీ అర్థమైందా' అని అడిగితే నలభై తలలు ఊగుతాయి. అందులో ఎన్ని తలలకు అర్థమైందో టీ బ్రేక్‌లో తెలుస్తుంది. అలాంటిది, 'స్టోర్ తాళం నీ దగ్గరే ఉంది కదా, రిజిస్టర్ నువ్వు రాయలేదు కదా, ఆ విషయం ఎవరికీ చెప్పలేదు కదా' అని వరసగా అడుగుతూ పోతే, పరాయి భాషలో, స్క్రీన్ మీద పెద్ద దొర ముందు కూర్చున్న కుర్రాడు ఇంకేమంటాడు? ఆ కాల్ రికార్డింగ్ ఉంటే మళ్ళీ చూడండి. 'కదా' లేని ప్రశ్న ఒక్కటైనా ఉందేమో లెక్కపెట్టండి.

భాష గురించి ఇంకో మాట. కెనడాలో డా సిల్వా, ఏమీ-మే లీచ్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంగ్లీషు సొంత భాషగా మాట్లాడినవాళ్ళను జనం నిజాయితీపరులుగా భావించే వైపు మొగ్గారు. రెండో భాషగా మాట్లాడినవాళ్ళను అబద్ధం చెబుతున్నట్టు భావించే వైపు మొగ్గారు. మాట వెతుక్కోవడం, ఆగడం, 'ఆఁ... అదీ...' అనడం అబద్ధం అల్లుకోవడంలా వినిపించిందన్నమాట. తెలుగువాళ్ళకు ఇది అనుభవంలోకి రాని విషయం కాదు. వీసా ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలకు కన్సల్టెన్సీ వాళ్ళు మొదట నేర్పేది 'కౌంటర్లో ఆఫీసర్ కళ్ళలోకి చూడు, నవ్వు, ఆగకుండా చెప్పు' అనే. చదువు సంగతి తర్వాత.

వీడియో కాల్‌లో ఇంకో తిరకాసు ఉంది, చాలామంది గమనించరు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలంటే స్క్రీన్ మీద అతని మొహం చూస్తాం. కానీ కెమెరా ఉండేది స్క్రీన్ పైన. కాబట్టి అటువైపు వాళ్ళకు మనం కిందకు చూస్తున్నట్టే కనిపిస్తుంది. ఫోన్ టేబుల్ మీద పెట్టి మాట్లాడితే మరీనూ. రోజూ కాల్స్‌లో ఉండే మేనేజర్లు కెమెరాలోకి చూసి మాట్లాడటం అలవాటు చేసుకుంటారు. స్టోర్ కుర్రాడికి ఆ ట్రిక్కు ఎవరు చెబుతారు?

'ఇదంతా విదేశీ పరిశోధన, మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, ముఖమే మనసుకు అద్దం' అని మీ సెక్యూరిటీ ఆఫీసరు అంటారు. అనకుండా ఉండరు. మన పెద్దలు నిజంగానే చెప్పారు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో, గొంతు, ముఖం రంగు, ఒంటి సైగలు, కళ్ళు, చేష్టలు చూసి మనిషి లోపలి భావం తెలుసుకోమని రాజుకు చెప్పింది. యాజ్ఞవల్క్య స్మృతి ఇంకా వివరంగా చెబుతుంది. ఒకచోట నిలవకుండా అటూ ఇటూ జరుగుతాడు, పెదవుల చివర్లు నాకుతాడు, నుదుట చెమట పడుతుంది, ముఖం వన్నె మారుతుంది, నోరెండిపోయి మాట తడబడుతుంది, ఒకదానికొకటి పొసగని మాటలు చెబుతాడు, ఎదుటివారి మాటకు మాట, చూపుకు చూపు ఇవ్వడు. ఈ జాబితాను ఇవాళ్టి పోలీసు ట్రైనింగ్ నోట్స్‌లో పెట్టినా ఎవరూ పాతదని అనరు.

కానీ అక్కడితో ఆగితే సగమే చదివినట్టు. కల్యాణి చాళుక్యుల రాజ్యంలో, ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. తర్వాత బ్రిటిష్ కోర్టులు, బెంగాల్ వైపు తప్ప, హిందూ ఆస్తి చట్టానికి ఆధారంగా తీసుకున్నది దీన్నే. తిక్కన కాలంవాడైన కేతన 13వ శతాబ్దంలో దీన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు. చెమట, తడబాటు శ్లోకాల దగ్గర విజ్ఞానేశ్వరుడు అన్న మాట ఏ లా కాలేజీలోనైనా గోడ మీద రాయదగ్గది. ఈ లక్షణాలు దోషం ఉండవచ్చన్న అనుమానానికే తప్ప దోషం ఉందని తేల్చడానికి పనికిరావు అన్నాడాయన. ఎందుకంటే మనిషికి స్వతహాగా ఉన్న తీరేదో, ఆ సందర్భం వల్ల వచ్చిన మార్పేదో విడదీసి చెప్పడం కష్టం. పోనీ మహా తెలివైనవాడెవడో విడదీయగలిగినా, దాన్ని బట్టి ఓడిపోయాడని తీర్పు ఇవ్వకూడదు. చావబోయేవాడి లక్షణాలు కనిపించాయని ముందే కర్మకాండ చేసేయరు కదా అని ఉపమానం కూడా చెప్పాడు. డచ్చి పరిశోధకులు నటులను పెట్టి తేల్చిన విషయాన్ని సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక వ్యాఖ్యాత కూర్చున్నచోట ఆలోచించి రాశాడు. మీ ఆఫీసరు గారు సంప్రదాయం ఎత్తితే మీరు ఇది ఎత్తండి.

అదే ధర్మశాస్త్రాల్లో బియ్యం పరీక్ష కూడా ఉంది, తండుల దివ్యం అంటారు. దొంగతనం కేసుల్లో వాడేవారు. దేవుడికి అభిషేకం చేసిన నీళ్ళతో తడిపి ఉంచిన బియ్యం నమిలి ఉమ్మాలి. ఉమ్మినదానిలో రక్తం కనిపించినా, ఒళ్ళు వణికినా దోషి. దీని వెనక ఒక తర్కం ఉంది. భయపడితే నోట్లో తడి ఆరిపోతుంది, ఎండిన నోటితో బియ్యం నమిలితే చిగుళ్ళు చీరుకుంటాయి. అయితే ఊరంతా చూస్తుంటే తప్పు చేయనివాడికి మాత్రం నోరు ఎండదా? లై డిటెక్టర్ యంత్రం కొలిచేదీ చివరికి ఇదే. గుండె వేగం, ఊపిరి, చెమట. యంత్రం కొలిచేది భయాన్ని. ఆ భయం ఎందుకో దానికి తెలియదు.

చట్టం సంగతి చెప్పి ఈ లై డిటెక్టర్ ముచ్చట ముగిస్తాను. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు పాలిగ్రాఫ్ (అంటే లై డిటెక్టర్), నార్కో అనాలిసిస్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను మనిషి ఇష్టం లేకుండా చేయకూడదని చెప్పింది. తన మీద తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతం చేయకూడదనే రాజ్యాంగం 20(3) అధికరణానికి, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణానికి అది విరుద్ధం. పోలీసులకే లేని అధికారం కంపెనీ సెక్యూరిటీకి ఎక్కడి నుంచి వస్తుంది? 'ఇష్టపూర్వకంగా' అని సంతకం పెట్టించుకుందామని ఎవరైనా అంటే, ఉద్యోగం పోతుందేమోనని పెట్టిన సంతకం ఇష్టం ఎలా అవుతుందో అడగండి. లై డిటెక్టర్ మాట మీ మినిట్స్‌లో కూడా రానివ్వకండి.

ఇక పోలీసు అనుభవం. బాండ్, డిపౌలో కలిసి 2006లో మరో లెక్క కట్టారు. దాదాపు 24 వేల మంది నిజమో అబద్ధమో చెప్పడానికి ప్రయత్నించిన ప్రయోగాలన్నీ కలిపితే, సరిగ్గా చెప్పింది నూటికి 54 సార్లు. నాణెం ఎగరేస్తే 50 వస్తుంది. వృత్తిరీత్యా అబద్ధాలు పట్టేవాళ్ళు మామూలు జనం కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేరు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, అమెరికా పోలీసులు దశాబ్దాలుగా వాడిన రీడ్ పద్ధతిలోని ఒంటి గుర్తులను సాల్ కాసిన్, క్రిస్టినా ఫాంగ్ 1999లో కొందరు విద్యార్థులకు నేర్పి పరీక్ష పెట్టారు. నేర్చుకున్నవాళ్ళు నేర్చుకోనివాళ్ళ కంటే ఎక్కువ తప్పులు చేశారు. కానీ ధీమా మాత్రం వాళ్ళకే ఎక్కువ. మీ ఆఫీసరు గారి ధీమాని దీంతో కలిపి చూసుకోండి. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల ప్రవర్తన చూసి అనుమానితులను ఏరే కార్యక్రమానికి 2007 నుంచి సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, అది పనిచేస్తుందనడానికి ఆధారం చూపించలేకపోయారని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2013లో తేల్చింది.

అయితే పరాయివాళ్ళ అబద్ధం అసలు పట్టలేం అని కూడా అనుకోవద్దు. బాండ్, అద్నాన్ అతూమ్ 2000లో ప్రచురించిన పరిశోధనలో అమెరికన్లు, జోర్డాన్‌వాళ్ళు, భారతీయులు ఒకరి వీడియోలు ఒకరు చూశారు. భాష తెలియకపోయినా, చదువు రానివాళ్ళు కూడా, పరదేశీయుల అబద్ధాలను కొంతవరకు పట్టగలిగారు. కానీ అదే పరిశోధనలో, కొన్ని సందర్భాల్లో విదేశీయులను అబద్ధాలకోరులుగా చూసే పక్షపాతం కూడా బయటపడింది. ఈ 'కొంతవరకు' మీద ఆధారపడి ఒకరి ఉద్యోగం తీయడం కుదరదు.

మన దగ్గర ఇంకో రకం నమ్మకం ఉంది, అది కళ్ళ కంటే బలమైనది. ఒట్టు. 'పిల్లల మీద ఒట్టేసి చెప్పు', 'కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్' అంటాం. కాణిపాకం వినాయకుడి ముందు స్నానం చేసి తడిబట్టలతో ప్రమాణం చేసి అబద్ధమాడితే దేవుడు చూసుకుంటాడని నమ్మకం. రాజకీయ నాయకులు కూడా ఒకరినొకరు అక్కడికి రమ్మని సవాలు చేసుకుంటుంటారు. మాట్లాడుతుంటే బల్లి పలికితే అన్నమాట సత్యమని ఇప్పటికీ వేలితో నేల తట్టే పెద్దవాళ్ళున్నారు. నమ్మకాలను నేను వెక్కిరించను. కానీ విచారణ గదిలో ఒట్టు అడగనివ్వను. ఒట్టు వేయనన్నవాడు దోషి అనేస్తారు, భక్తి ఎక్కువైనందుకు ఒట్టుకి జంకేవాళ్ళు ఉంటారని ఎవరికీ తట్టదు. భక్తి లేనివాడు దర్జాగా ప్రమాణం చేసి వెళ్ళిపోతాడు. అదీగాక ఈ దారి కొన్నిచోట్ల మరిగే నూనెలో చెయ్యి పెట్టమనే కుల పంచాయతీల దాకా పోతుంది. అలాంటి వార్తలు మన రాష్ట్రాల నుంచి కూడా వచ్చాయి.

ఏది అబద్ధం అన్నది కూడా అన్నిచోట్లా ఒకలా ఉండదు. కాంగ్ లీ బృందం 1997లో చైనా, కెనడా పిల్లలను పోల్చి చూసింది. మంచిపని చేసి, 'నేను చేయలేదు' అని చెప్పిన పిల్లవాడి కథ చెబితే, కెనడా పిల్లలు అది అబద్ధం కాబట్టి తప్పన్నారు. చైనా పిల్లలు, ముఖ్యంగా కాస్త పెద్దవాళ్ళు, అది వినయం అని మెచ్చుకున్నారు. మనం ఏ వైపో చెప్పక్కర్లేదు. ఎవరింటికైనా వెళ్తే కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా 'ఇప్పుడే తినొచ్చాం అత్తయ్యా' అంటాం. పెళ్ళిచూపుల సంగతైతే సామెతే ఉంది, వంద అబద్ధాలాడైనా అని. ఇదెందుకు చెబుతున్నానంటే, స్టోర్‌లో సీనియర్ చేసిన పొరపాటు కప్పిపుచ్చడానికి 'నాకు తెలియదు సార్' అన్న జూనియర్, తన దృష్టిలో అబద్ధం ఆడలేదు, అన్నను పట్టివ్వలేదు, అంతే. ఆ ఒక్క 'తెలియదు' తప్పని తేలినా, లాప్‌టాప్ తీసింది అతనే అని తేలినట్టు కాదు.

మరి ఏం చేయాలి? నా పద్ధతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక విచారణలో హౌస్‌కీపింగ్ ఆమె మీద గొలుసు తీసిందని ఆరోపణ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది. 'చూస్తేనే తెలుస్తోంది మేడం' అని పక్కనున్న సభ్యుడు నా చెవిలో అన్నాడు. నేను చేసిందల్లా కుర్చీ వేయించడం. ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది. మంచినీళ్ళిచ్చి, గొలుసు మాట ఎత్తకుండా, 'పొద్దున పంచింగ్ కొట్టినప్పటి నుంచి నీ పని ఎలా నడిచిందో చెప్పమ్మా' అన్నాను. టైములు ఆమెకు గుర్తులేవు. పని వరస గుర్తుంది. ముందు రెండో అంతస్తు చెత్తబుట్టలు, తర్వాత తడిగుడ్డ, నీళ్ళు అయిపోతే కిందకి వెళ్ళడం, అక్కడ మోటార్ రిపేరు చేసేవాడు ఉండటం, వాడితో 'ఇంకెంతసేపు' అని అడగడం. మోటార్ మనిషి గేటు రిజిస్టర్‌లో ఉన్నాడు, వచ్చిన టైము, వెళ్ళిన టైముతో సహా. గొలుసు పోయిందన్న సమయానికి ఆమె కింద పంపు దగ్గర ఉంది. ఆ మాటలన్నీ చెబుతున్నంతసేపూ ఆమె నా చెప్పుల వైపే చూసింది.

అంటే మొహం వదిలేసి, సరిచూడగలిగిన వివరాలు రాబట్టాలి. స్వీడన్‌లో మారియా హార్ట్‌విగ్, పేర్ ఆండర్స్ గ్రాన్‌హాగ్ బృందం పోలీసు ట్రైనీలకు ఒక పద్ధతి నేర్పింది. చేతిలో ఉన్న ఆధారాన్ని ముందే బయటపెట్టకూడదు. మొదట మనిషిని స్వేచ్ఛగా చెప్పనివ్వాలి, తర్వాత ఆ ఆధారం చుట్టూ ప్రశ్నలు వేయాలి, చివర్లో ఆధారం చూపాలి. 2006లో వచ్చిన ఫలితాల్లో ఆ ట్రైనీలు 85 శాతం సరిగ్గా చెప్పారు, శిక్షణ లేనివాళ్ళు 56 శాతం. క్రాస్ ఎగ్జామినేషన్ తెలిసిన వకీలు ఎవరికైనా ఇది పాత విద్యే. సాక్షి ఒక మాటకు కట్టుబడ్డాకే కాగితం చూపిస్తాం.

ఇక్కడ కూడా సంస్కృతి కాపు కాస్తూనే ఉంటుంది. వివరాలు తక్కువైతే అబద్ధమే అనే కొత్త మూఢనమ్మకంలో పడకండి. షారన్ లీల్, ఆల్డర్ట్ వ్రై బృందం 2018లో బ్రిటిష్, చైనా, అరబ్ వాళ్ళను పోల్చినప్పుడు, నిజానికీ అబద్ధానికీ మధ్య తేడా కంటే సంస్కృతుల మధ్య తేడాయే మాటల్లో ఎక్కువ కనబడింది. లాంకాస్టర్ యూనివర్సిటీకి చెందిన పాల్ టేలర్ బృందం 2017లో ఇంకో సంగతి చూపించింది. పాశ్చాత్యులు అబద్ధం చెప్పేటప్పుడు 'నేను' అనడం తగ్గిస్తారు, ఆఫ్రికా, దక్షిణాసియా మూలాలున్నవాళ్ళు తగ్గించరు సరికదా పెంచుతారు, తగ్గించేది తమవాళ్ళ ప్రస్తావనను. తమవాళ్ళను అందులోకి లాగకుండా కాపాడుకుంటారన్నమాట. ఇంగ్లీషువాళ్ళ మీద తయారైన సాఫ్ట్‌వేర్‌తో మన ఉద్యోగుల ఈమెయిళ్ళు జల్లెడ పడతామని ఎవరైనా వస్తే ఈ ఒక్క విషయం చెప్పి పంపించేయండి. కాబట్టి కుర్రాడిని అమెరికన్‌తో పోల్చకండి, అతనితోనే అతన్ని పోల్చండి. లాప్‌టాప్ సంగతి కాకుండా, ఊరి గురించి, రూమ్ అద్దె గురించి అడిగినప్పుడు ఎంత మాట్లాడతాడు, ఎటు చూస్తాడు? అప్పుడూ నేల వైపే చూస్తే, అది అతని తీరు.

మీ విషయంలో చేయాల్సింది ఇదీ. విచారణ మళ్ళీ తెలుగులో పెట్టండి. అతని యాస తెలిసినవాళ్ళు, ఇంట్లో గోండియో కొలామీయో మాట్లాడే కుటుంబమైతే ఆ భాష తెలిసినవాళ్ళు ఒకరు గదిలో ఉండాలి. స్టోర్ నుంచే ఇంకో ఉద్యోగిని తోడుగా కూర్చోబెట్టండి. సెక్యూరిటీ ఆఫీసరు గదిలో వద్దు. అవునూ కాదూ ప్రశ్నలు మానేసి, 'సరుకు వస్తే ఏం చేస్తావో మొదట్నుంచి చెప్పు' అని అడగండి. మధ్యలో ఆగితే ఆగనివ్వండి, ఖాళీ పూరించకండి. ఆరోపణ ఏమిటో అతని మాటల్లో అతనిచేత చెప్పించి రాసుకోండి.

రిపోర్టులో ప్రవర్తన గురించి రాయక తప్పదు అనిపిస్తే, చూసింది మాత్రమే రాయండి. కోర్టుల్లోనూ సాక్షి తీరు గురించి జడ్జి రాసుకునే వీలుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 280వ సెక్షన్‌లో ఉండేది, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. కానీ మంచి జడ్జీలు 'మూడు నిమిషాలు మౌనంగా ఉన్నాడు, నీళ్ళు అడిగాడు' అని రాస్తారు, 'దొంగలా ఉన్నాడు' అని రాయరు. అంతర్గత విచారణలో నేరం సందేహానికి అతీతంగా రుజువు కానవసరం లేదు, సంభావ్యత ఎటు మొగ్గుతుందో చూస్తే చాలు. అయినా ఆ మొగ్గు చూపడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి. మేనేజర్ నోట్‌ను ఫైల్‌లోంచి తీసేయకండి, అది మీకే చిక్కు. దాని కింద 'వీడియో కాల్, ఇంగ్లీషులో, దుబాసీ లేకుండా' అని మీరు ఒక వాక్యం చేర్చి తేదీ వేయండి.

అన్నిటికంటే ముందు ఒక పని ఈరోజే చేయండి. స్టోర్ బయట, గేటు దగ్గర సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని ఐటీ వాళ్ళకు మెయిల్ పెట్టండి. చాలా ఆఫీసుల్లో అది కొన్ని వారాలకే దానంతటదే చెరిగిపోతుంది. తాళం ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి మారిందో ఆ రిజిస్టర్ అసలు కాపీ మీ బీరువాలో పెట్టుకోండి, ఫోటో కాపీ సరిపోదు. లాప్‌టాప్‌ల సీరియల్ నంబర్లు సరఫరాదారు బిల్లుతో సరిచూసి, అవి అసలు స్టోర్‌కి చేరాయో లేదో కూడా చూడండి. ఈ మూడూ చేతికి వచ్చాక కుర్రాడిని పిలవండి. అప్పుడు ఏమైనా సందేహం వస్తే ఇక్కడే అడగండి, చెబుతాను.